ఆగిన మోటారుకి ముప్పై మూడు డిగ్రీలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. సోదికీ తాయెత్తుకీ మా ఇంట్లో మా అమ్మ ఒక్కతే పార్టీ, నేనెప్పుడూ ఎదురుపక్షం. వేడి ఎంతుందో కొలిచి కాగితం మీద రాయడం నా ఉద్యోగం. అందుకని ఈ సంగతి కూడా అంకెలతోనే చెబుతాను.

పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి ఒడ్డున, హోప్ టౌన్‌లో, చేపల పడవలకి ఐసు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నేను మెకానిక్‌ని. అమ్మాయి చదువు కోసం నా భార్యా, అమ్మాయీ విశాఖలో ఉంటున్నారు. నేను అబర్డీన్ బజార్ వెనక అద్దెగదిలో ఉంటూ, రోజూ చాతం రేవులో ఫెర్రీ ఎక్కి, అవతల దిగి, బస్సు పట్టుకుని పనికి వెళతాను.

కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసేవారు కదా, మా దగ్గరున్నదీ అలాంటి గన్నే, కాస్త పెద్దది. ఐసు యంత్రాన్ని తిప్పే మోటారు మీద గురిపెట్టి మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది, తెర మీద డిగ్రీలు కనిపిస్తాయి. అది రాకముందు ఆ పని నూకరాజు మామ చేసేవాడు. చుట్టరికమేమీ లేదు, ఫ్యాక్టరీలో అందరికీ మామే. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. మోటారు చివర బేరింగు కవరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఏడు లెక్కపెట్టేవాడు. ఏడుదాకా చెయ్యి ఓర్చుకుంటే మోటారు బాగున్నట్టు. ఏళ్ల తరబడి అలా ఆనించగా అక్కడ రంగంతా పోయి, అరచేతి మేర ఇనుము నిగనిగలాడుతుండేది.

గన్ వచ్చిన వారానికి మామ మోటారు ఆపెయ్యమని గోల చేశాడు.

"నాలుగు లెక్కెట్టేసరికి సెయ్యి కాలిపోతంది. బంద్ కరో!" అన్నాడు.

యజమాని నన్ను గన్‌తో చూడమన్నాడు. గురి బాగా కుదురుతుందని ఆ నిగనిగలాడే చోటే ఎర్రచుక్క పెట్టాను. నలభై ఒకటి. భయపడాల్సిన వేడి కాదు. యజమాని తెరనీ మామనీ మార్చి మార్చి చూశాడు.

"మామా, ఉమర్ హో గయీ, వయసైపోయింది. ఇంట్లో రెస్ట్ తీసుకో," అన్నాడు.

మామ నాకేసి తిరిగాడు. "నువ్వైనా ఓపాలి సెయ్యెట్టి సూడరా," అన్నాడు. నేను పెట్టలేదు. కొత్త గన్ చేతిలో ఉంచుకుని, యజమాని ఎదుట చెయ్యి పెట్టడం నామోషీ అనుకున్నాను.

మామ ఇంటికి వెళ్లిపోయిన నాలుగో రోజున బేరింగు పట్టేసి మోటారు ఆగిపోయింది. గ్రీజు నాసిరకం అని చెప్పి బయటపడ్డాను. ఆ తర్వాతే గన్‌తో పాటు వచ్చిన కాగితం చదివాను. మెరిసే లోహం ఈ గన్‌కి అద్దం లాంటిదట. దాని సొంత వేడి సరిగ్గా కనపడదు, ఎదురుగా ఉన్నదాని వేడే ఎక్కువగా కనపడుతుంది. అంటే మామ చెయ్యే నిజం చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. లోపల కొత్త బేరింగు వేశారు, పైన పాత కవరే బిగించారు. రోజూ కొలవాల్సిన చోట్ల చార్టులో ఆ మెరిసే చోటు అలాగే ఉండిపోయింది. మారిస్తే ఎందుకని అడుగుతారు. అందుకే చార్టు కోసం దాన్ని కొలుస్తూ, చాటుగా పక్కనున్న రంగు మీద కూడా కొలుచుకునేవాణ్ణి.

మరుసటి ఏడు మామ పోయాడు. వాళ్లిల్లు ఫ్యాక్టరీకి పది నిమిషాల నడక. బతికుండగా ఒక్కసారి వెళ్లి నిజం చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ఈ ఏడు చేపల వేట నిషేధం రోజుల్లో ఫ్యాక్టరీ మూసేశారు. అందరూ ఊళ్లకి పోయారు. యజమానికి మాత్రం రోజూ ఫోన్‌లో చార్టు ఫొటో పంపాలి. ఆగిన మోటారుకి జ్వరం చూసే ఉద్యోగం ఈ దీవుల్లో నా ఒక్కడిదే అయి ఉంటుంది. ఫెర్రీలో టిక్కెట్టు అడగడం తప్ప నోరు తెరిచే పని లేని రోజులు కూడా ఉండేవి.

మూడో రోజు మధ్యాహ్నం అన్ని చోట్లా ఇరవై తొమ్మిది. మెరిసే చోట ముప్పై మూడు.

చేత్తో తాకి చూశాను, చల్లగానే ఉంది. బ్యాటరీ మార్చాను, ముప్పై మూడే. అద్దం సంగతి గుర్తొచ్చింది. నేను ఎడమపక్క నిలబడ్డాను, కాబట్టి అందులో కనపడేది కుడిపక్కన ఉన్నది. కుడిపక్కన మామ కూర్చునే చేపల క్రేటు బోర్లించి ఉంది. దాని మీద ఎవరూ లేరు. క్రేటుకే గురిపెడితే ఇరవై తొమ్మిది. క్రేటుకీ మోటారుకీ మధ్య చెక్క అడ్డం పెడితే మెరిసే చోట కూడా ఇరవై తొమ్మిదికి దిగింది. తీస్తే మళ్లీ ముప్పై మూడు. చివరికి, అక్కడ మనిషి కూర్చుంటే ఎంత వస్తుందో చూద్దామని గన్‌ని బల్లకి కట్టి, మీటకి రబ్బరు బ్యాండు వేసి, తెరకి ఎదురుగా ఫోన్‌లో వీడియో పెట్టి, వెళ్లి క్రేటు మీద కూర్చున్నాను. ముప్పై మూడు. లేచి వచ్చేశాను. అప్పుడూ ముప్పై మూడే.

ఆ పూట క్యారేజీ కూడా విప్పకుండా బయటపడ్డాను. అయినా మర్నాడు మామూలుకంటే ముందు ఫెర్రీకే వెళ్లాను.

రోజూ అదే అంకె. నేను క్రేటు ఎదురుగా కూర్చుని క్యారేజీ తినేవాణ్ణి. అమ్మాయి మార్కుల గురించి చెప్పేవాణ్ణి, సాంబారులో ఉప్పెక్కువైందని చెప్పేవాణ్ణి. ఆ కొన్నాళ్లూ గదికి వెళ్లాక నిద్ర బాగా పట్టింది.

పదకొండో రోజు ఉండబట్టలేక అనేశాను. "మామా, ఆవేళ నీ చెయ్యే కరెక్టు. నా గన్ తప్పు. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు." వెంటనే గన్ పెట్టి చూశాను. ముప్పై మూడే ఉంది. అప్పటికప్పుడు యజమానికి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను.

"బేచారా మామ," అన్నాడు. తర్వాత, "భయ్యా, ఆ చోట నల్లరంగు కొట్టెయ్. రీడింగ్ సరిగ్గా వస్తుంది," అన్నాడు.

గన్‌తో వచ్చిన కాగితంలోనూ అలాగే ఉంది. వద్దనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. మర్నాడు పొద్దున్నే రంగు వేసేశాను. వేసేముందు గన్ పెట్టి చూడలేదు. ఎందుకు చూడలేదో నాకే తెలియదు. రంగు ఆరాక చూస్తే ఇరవై తొమ్మిది.

నిజం చెప్పానని మామ వెళ్లిపోయాడా, నేను రంగు వేసి కనపడకుండా చేశానా, అసలక్కడ ఎవరైనా ఉన్నారా? తెలిసిన ఇంజనీరుని అడిగితే ఎక్కడిదో వేడి పడి ఉంటుందన్నాడు. ఆ ‘ఎక్కడో’ ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

మోటారు ఇప్పుడు మళ్లీ తిరుగుతోంది. గన్ తీసేముందు నేను కూడా ఆ కవరు మీద అరచెయ్యి ఆనించి ఏడు లెక్కపెడుతున్నాను. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే ఆ నల్లరంగు పోతుంది. మోటారు ఆగిన ఒక ఆదివారం చూసుకుంటే సంగతి తేలిపోతుంది. కాగితం కొనుక్కొచ్చి బల్ల సొరుగులో పెట్టాను కూడా. రుద్దలేదు. ముప్పై మూడు వస్తుందని కాదు నా భయం, ఇరవై తొమ్మిది వస్తుందేమోనని.