అక్క పేరు కొడితే ట్రాక్టర్ సామాన్లు

జనగామలో నాకు ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. దాని వెబ్‌సైట్‌ను నెట్‌లో ఉంచేందుకు కొన్న హోస్టింగ్‌లో ఇంకా చోటుంటే, కేసముద్రంలో బట్టలు కుట్టే మా అక్కకు కూడా ఆమె పేరుతో ఒక డొమైన్, అంటే సైట్ అడ్రస్, కొని అందులోనే కలిపిన. ఆమె సైట్ ఉండే ఫోల్డర్ తయారుకాకముందే అక్క సంబురంగా ఆ పేరు అందరికీ చెప్పేసింది. మర్నాడు ఫోన్ చేసింది.

"తమ్మీ, నా పేరు కొడితే టైర్లు, బేరింగులు వస్తున్నయేంది?"

"రెండూ ఒక్క అకౌంట్‌లనే ఉన్నయక్కా. నీకు వేరే ఫోల్డర్ ఇంకా పెట్టలే, అందుకే నా సైట్ తెరుచుకుంటున్నది."

వెంటనే ఆమె కుట్టిన జాకెట్ల ఫోటోలు వేరే ఫోల్డర్‌లో పెట్టి, డొమైన్‌ను దానికి కలిపిన. అక్క చూసి మురిసిపోయింది. కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి, "కింద నీ దుకాణం పేరు గూడ జర పెట్టు తమ్మీ. నా దగ్గరికొచ్చేటోళ్ల ఇండ్లల్ల ట్రాక్టర్లున్నయి," అన్నది.

ఆమె చెప్పినట్టే పెట్టి, నా సైట్‌లో అక్క కుట్టుపని గురించి కూడా రాసిన.