నాన్న కంచంలో గుడ్డు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం మల్కాపురంలో మా ఇంట్లో కోడిగుడ్ల పులుసు ఉడుకుతుండేది. ఉడికిన గుడ్డుని అమ్మ దారంతో రెండుగా కోసేది. అన్నయ్యకో సగం, నాకో సగం. నాన్నకి మాత్రం నిండు గుడ్డు... పోర్టులో బరువులెత్తే మనిషి కదా!

నాన్న ముందు తెల్లసొన తినేసి, పచ్చసొన ఆఖరి ముద్దకి దాచుకునేవాడు. దాన్ని పులుసన్నంలో చిదుపుకుంటుంటే ఆయన మొహం చూడాలి...

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా డ్యూటీలో నాన్నకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు బీడీ మానాలన్నారు, గుడ్డు మానాలన్నారు. గుడ్డు తింటే రక్తంలో కొవ్వు పెరుగుతుందని ఆ రోజుల్లో చాలామంది చెప్పేవారు.

వంటిల్లు అమ్మ చేతిలో ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి గుడ్డు రాలేదు. మరి బీడీ...? గుమ్మం దాటాక నాన్నని ఆపేదెవరు?

"ఒక్కటి ఎయ్యవే... ఒక్క గుడ్డుకే సచ్చిపోతానేటి?" అని బతిమాలేవాడు నాన్న.

"నాను బతికుండగా ఎయ్యను. నాకు నువ్వు కావాల" అనేది అమ్మ.

నాన్న చారన్నం తినేసి లేచిపోయేవాడు.

రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ నొప్పి వచ్చింది. ఈసారి నాన్న ఇంటికి నడిచి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక, మాంసం వండి నీసు పెట్టే రోజున ఆయనకి ఇష్టమైనవి ఆకులో వడ్డించమన్నారు పెద్దవాళ్ళు. అమ్మ గుడ్డు ఉడకబెట్టి తెచ్చి పెట్టింది. "తినయ్యా... ఇంక అడ్డు సెప్పను" అంది. అక్కడ ఎవరూ తలెత్తలేకపోయారు.

మొన్న నాకూ పరీక్షల్లో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువని వచ్చింది. డాక్టరమ్మని మొదట అడిగింది గుడ్డు సంగతే. "మీకైతే రోజుకొకటి తిన్నా పరవాలేదు. వేపుళ్ళు, బేకరీ తిండి తగ్గించి, రోజూ నడవండి" అందావిడ.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"అయితే మీ నాన్న నోరు నాను ఊరికే కట్టేసానేటమ్మా?" అంది అమ్మ.

"లేదమ్మా... ఆ బీడీలే ఆయన్ని ఎక్కువ పాడుచేశాయి. నువ్వు డాక్టరు చెప్పినట్టే చేశావు" అన్నాను. తలూపింది... కానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ నిండా గుడ్లే. పిల్లలు ఆమ్లెట్ సగం తిని, సగం వదిలేసి లేచిపోతారు. అమ్మ మాత్రం వాటి వంక చూడదు...

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా తమకిష్టమైనది ఇంటివాళ్ళ మాటకి మానుకుని, అది తినకుండానే వెళ్ళిపోయారా? వాళ్ళకి ఏది ఇష్టమో ఇక్కడ చెప్పండి... వినాలని ఉంది.