మా వియ్యపురాలు కడిగేసిన ఇసుక

మా వియ్యపురాలు వస్తోందంటే ఇసుక కూడా సర్దుకుని కూర్చుంటుందని నేను అందరికీ చెబుతుంటాను. నమ్మనివాళ్లు ఆవిడ పనిచేసే మట్టి పరీక్షల ల్యాబుకు వెళ్లి చూసుకోవచ్చు. పెద్ద కంతల జల్లెడ పైన, సన్న కంతలది కింద, వరస తప్పని తోడికోడళ్లలా నిలబడి ఉంటాయి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నా గోళ్లలో మట్టి చూస్తే స్కేలుతో వడ్డించేవారు. ఈవిడైతే ఆ మట్టిని గిన్నెలోకి గీకి, ఏ గట్టున ఆడానో కూడా చెప్పేసేది.

మా కోడలి తల్లి ఆవిడ. నేల ఎంత బిగువుగా ఉందో తేల్చడం ఆవిడ పని. కట్టడం లేవబోయే చోటి నుంచి తెచ్చిన ఇసుకను రబ్బరు తొడుగులో స్తంభంలా కూరి, గాజు పాత్రలో నిలబెట్టి, చుట్టూ నీళ్లతో నొక్కుతుంది. అడుగునున్న చిన్న రేకు టక్కుమని తడుతుంది, పైనున్న రేకు వింటుంది. కబురు గబగబా పైకి చేరితే నేల బిగువైనది. నింపాదిగా చేరితే మెత్తనిది. మా ఇంట్లో కబుర్లు పాకే వేగంతో పోలిస్తే ఏ నేలైనా మెత్తనే అనుకోండి.

ఆ మధ్య ఒక ఆస్పత్రిలో పెద్ద జనరేటరుకు పునాది వెయ్యాల్సి వచ్చింది. వేసే ఇంజనీరు మావాడే, అంటే ఆవిడ అల్లుడు. పని అత్తగారి ల్యాబుకే ఎందుకిచ్చావని పైవాళ్లు అప్పటికే గొణిగారు. గోడ అవతల ఆపరేషన్ గది. కింద నేల మెత్తనైతే యంత్రం తిరిగినప్పుడల్లా డాక్టరు చేతిలో కత్తి నాట్యమాడుతుంది. నేల బిగువుగానే ఉందని ఆవిడ చెప్పింది. దాన్నిబట్టే గొయ్యి తవ్వారు.

కాంక్రీటు పొయ్యాల్సిన రోజు పొద్దున నేను ల్యాబులోనే ఉన్నాను. ఇంట్లో రెండో టీ ఇవ్వరు, అక్కడ ఇస్తారు. మొన్న పరీక్ష చేసి అలాగే ఉంచిన ఆస్పత్రి ఇసుకను విప్పుతూ ఆవిడ ఆగిపోయింది. తొడుగులోంచి కారిన నీళ్లను గ్లాసులో పట్టి కిటికీ వైపు ఎత్తింది.

"అన్నయ్యగారూ, ఈ నీళ్లు ఎలా ఉన్నాయి?"

"తాగేలా ఉన్నాయి."

"అదే నా ప్రాణం మీదికొచ్చింది."

ఆ చోటి ఇసుకలో మెత్తని నుసి కలిసి ఉంది. నీళ్లు మడ్డిగా రావాలి. నుసి ఎంత ఉందో తేల్చడానికి కొంత ఇసుకను సన్న జల్లెడలో వేసి కడగడం అక్కడి పద్ధతి. కడిగి ఆరబెట్టిన పళ్లెం, కడగని పళ్లెం పక్కపక్కనే ఉన్నాయి. శుభ్రమంటే ప్రాణమిచ్చే మనిషి కదా, పరీక్షకు ఇసుక తీసేటప్పుడు శుభ్రంగా ఉన్న పళ్లెం మీదికే చెయ్యి పోయింది.

"ఆ కాస్త నుసికే అంత తేడానా చెల్లెమ్మా? సందులు నిండితే ఇంకా గట్టిపడాలి గదా?"

"చూడ్డానికి అలాగే ఉంటుంది. గింజా గింజా ఆనుకుని నిలబడితేనే ఇసుకకి బిగువు. అంతే చోటులో అంతే బరువు కూరినా, ఆ బరువులో కొంత నుసైతే అది సందుల్లో ఊరికే కూర్చుంటుంది, ఏమీ మొయ్యదు. ఇంకొంత గింజల మధ్య దూరి వాటిని విడదీస్తుంది."

"అంటే ఇంట్లో నాలాగన్నమాట."

"మీరే అన్నారు, నేననలేదు."

నవ్వుతూనే ఫోను అందుకుంది. ఆపితే అందరి ముందూ అల్లుడికి తలవంపులు. ఆపకపోతే పోసిన కాంక్రీటును ఎవరూ తోడలేరు. నేను చల్లగా ఒక సలహా పారేశాను. "ముందు గుట్టుగా మళ్లీ పరీక్ష చెయ్యి. తేడా లేకపోతే ఎవరికీ తెలియక్కర్లేదు."

"నా పరీక్ష అయ్యేదాకా కాంక్రీటు ఆగుతుందా అన్నయ్యగారూ?" అంటూనే నంబరు నొక్కింది. "బాబూ, బండ్లు ఆపించండి."

"ఏమైందత్తయ్యా? పైవాళ్లంతా ఇక్కడే ఉన్నారు."

"తప్పు చేశాను. కడిగేసిన ఇసుకని పరీక్షించాను."

అవతల మిక్సరు ఆపమని వాడు ఎవరికో కేకేశాడు.

"వాళ్లకేం చెప్పమంటారు?"

"ఉన్నదున్నట్టు చెప్పండి. లేదా ఫోను వాళ్లకివ్వండి, నేనే చెబుతాను."

ఇచ్చాడు. అవతలి పెద్దమనిషి కేకలకు బల్లమీది జల్లెళ్లలో ఇసుక దానంతటదే జల్లించుకుంది. ఆవిడ మాత్రం "అవునండీ, నాదే" అంటూ చివరిదాకా నిలబడే వింది. ఫోను పెట్టేసి, కడగని పళ్లెం ముందుకు లాక్కుంది.

కొత్త పరీక్షకు, పైరేకు విన్నదాన్ని గీతగా చూపే తెర ముందు నేనూ కూర్చున్నాను. అడుగు రేకు తట్టింది. తెరమీది గీత పడుకునే ఉంది. ఇంకా పడుకునే ఉంది. మొన్నటి గీత లేచిన చోటు దాటిపోయాక గానీ బద్ధకంగా తల ఎత్తలేదు. నా సలహా గుర్తొచ్చి టీ చేదుగా అనిపించింది. ఆవిడ ఫలితం చెప్పాక పునాదిని వెడల్పు చేశారు, గొయ్యి మళ్లీ తవ్వారు, మావాడు చాలా మాటలు పడ్డాడు.

కొన్నాళ్లకు వాడే ఒక మట్టి సంచి మోసుకుంటూ ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆస్పత్రి రెండో భవనం నేల, అత్తయ్యా. ఇదీ మీరే చూడాలి."

ఆవిడ సంచి అందుకోలేదు. "పైవాళ్లకి తెలుసా?"

"ఆ రోజు కేకలేసినాయనే పంపాడు. తన తప్పు తనే చెప్పిన చోటికే తీసుకెళ్లమన్నాడు."

ఆవిడ సంచి కోసం చేతులు చాపింది. అంతలో వాడి కాళ్లవంక చూసింది.

"అయితే ఆ బూట్లు బయట విప్పి రండి బాబూ. వాటి మట్టి ఇందులో కలిస్తే మళ్లీ మొదటికొస్తుంది."