పుస్తకంలో లేని తోలు బాన

గుత్తి కోట కింద పదిహేడో శతాబ్దంలో జనం ఎలా బతికారో నేనొక పుస్తకం రాశాను. సాలెవాళ్ల మగ్గాలు, శెట్ల అంగళ్లు, గాజుల వీధి, ఎవరేం తిన్నారు, ఎవరేం కట్టుకున్నారు, అన్నీ రాశాను. అచ్చయి వచ్చిన రోజు నాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని వాసన చూశాడు. ఆయనకు చదువు రాదు.

"మనోళ్లు యాడుండిరి మ్మా? అది చదువు," అన్నాడు.

నేను ఊరికే పేజీలు తిప్పాను. మేం మాదిగలం. బావుల్లోంచి ఎద్దులు నీళ్లు లాగే పెద్ద తోలు బానలు కుట్టడం మా తాతల పని. నాయన కూడా వయసులో ఉండగా కుట్టాడు. తోలు ఎన్నాళ్లు నానాలో, నీళ్లు కారకుండా కుట్టు ఎలా బిగించాలో నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. నేనేమో పాత కాగితాల్లో మా ఊసు దొరకలేదని ఒక్క ముక్క రాయలేదు. ఆధారం కావాలట నాకు, ఆధారం! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు. నీళ్ల సంగతి ఉన్న పేజీ తీసి, అందులో లేనిది చదివాను. కోట తూర్పు వాకిలి బయట బానలు కుట్టేవాళ్ల గుడిసెలు ఉండేవనీ, వాళ్ల చెయ్యి ఆగితే ఊళ్లో ఎవరి గొంతూ తడిసేది కాదనీ అప్పటికప్పుడు అల్లాను. నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ పేజీలో ఒక తోలుముక్క గుర్తుగా పెట్టుకున్నాడు.

ఆదివారం నాకు చెప్పకుండా పుస్తకం తీసుకుని చర్చికి పోయాడు. ప్రార్థన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, ఆ పేజీ చదవమని పాస్టరుకు ఇచ్చాడట. పాస్టరు చదివాడు. చెరువులు, బావులు, దొరల స్నానాలు. నాయన ఇంకోసారి చదవమన్నాడట. ముందు పేజీ, వెనక పేజీ కూడా చదివించాడట. వెనక ఎవరో నవ్వారట. పక్కింటామె వచ్చి ఇదంతా చెప్పింది.

నాయన ఇంటికొచ్చి అన్నం పెడితే తిన్నాడు. తిట్టినా బాగుండేది. సాయంత్రం పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"పాస్టరయ్యగారికి కనపల్లేదు మ్మా. నువ్వు చదివితే ఉండాది. చదువు."

చదివాను. ఏడుపు ఆపుకుంటూ పడమటి వాకిలి అనేశాను.

"తూర్పు వాకిలి గదా," అన్నాడు మెల్లగా.

ఎండాకాలం దాటకుండానే పోయాడు. రెండో ముద్రణలో బాన కుట్టే విధమంతా ఆయన మాటల్లోనే రాశాను. ఆధారం మా నాయన అని కింద వేశాను. ఇప్పుడు ఆ పేజీ ఎవరు చదివినా మేం ఉన్నాం. వినాల్సిన నాయనే లేడు.