ఆఖరి ర్యాంకు కో మాస్టారిది

తాను తయారుచేసిన పరీక్షలో తానే ఆఖరున రావడం కో బున్‌లియోంగ్ మాస్టారి అలవాటు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ప్రతి గురువారమూ.

బుదాయ్ రేవు బడిలో నాలుగో తరగతి ఆయనది. పంతుళ్లు పాఠాలు పంచుకునే వెబ్‌సైటులో ఆయన పెట్టిన క్విజ్‌లను తైపేలోని పెద్ద పెద్ద బళ్లవాళ్లు కూడా దించుకుంటారని ప్రతీతి. గురువారం పిల్లలు ట్యాబులు తెరిచి, తలా ఒక మారుపేరు పెట్టుకుని ఆటలో దిగేవారు. మాస్టారు కూడా ఫోను తీసి ‘ముల్లంగి’ అన్న పేరుతో దిగేవారు. ఇరవై ప్రశ్నలయ్యాక గోడమీది తెరపై మార్కులు వరసగా పడేవి. అన్నిటికంటే అడుగున ముల్లంగి. ఆయన లేచి, సంతాపసభలోలాగా తల వంచుకుని, ఈ వారం కూడా చదవలేదని ఒప్పుకునేవారు. పిల్లలు మందలించేవారు.

ఈ సంగతి సియోక్‌తిన్ అవ్వకు మింగుడు పడలేదు. రేవులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్లకు ఆవిడే పెద్దదిక్కు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండానే చెప్పగలదు. మనవరాలు పేయ్‌షాన్ ఆ తరగతే. నిరుడు పరీక్ష అంటే చాలు, కడుపునొప్పని మంచం దిగని పిల్ల, ఈ ఏడాది గురువారం వస్తే అందరికంటే ముందే బడికి పోతోంది. అది తాను కాచిన కషాయం మహిమేనని అవ్వ నమ్మకం.

ఒకరోజు చేపల అంగడిలో మాస్టారు చిక్కారు.

"మాస్టారూ, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ముక్కుతో పొడవమంటే మా కోడి కూడా అయిదు మార్కులు తెస్తుంది. మీకు మొన్న మూడే ఎలా వచ్చాయండీ?"

"కోడికి ఏకాగ్రత ఎక్కువమ్మా," అన్నారాయన గంభీరంగా.

అవ్వకు ఒళ్లు మండింది. ఏదో వంకతో ప్రతి గురువారం బడి కిటికీ దగ్గర చేరింది. అక్కణ్ణుంచి తెర అడుగుభాగమే కనిపించేది. కింది రెండు వరసలూ క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. ఏమీ రాని పంతుల్ని ఆ తరగతినుంచి తీసెయ్యాలని అర్జీ రాయించి, ముప్పై ఒక్క సంతకాలు పోగుచేసింది. ప్రిన్సిపాల్ లిన్ గారు శనివారం సమావేశం పెట్టారు.

ఆ పొద్దున చేపల గంజి తాగుతూ అవ్వ కాగితం మరోసారి చూసుకుంది. ‘నీలిగొడుగు’ నాలుగు, ముల్లంగి మూడు. నీలిగొడుగు ఆరు, ముల్లంగి అయిదు. నీలిగొడుగు అయిదు, ముల్లంగి నాలుగు. ఎవరో పాపం ఈ నీలిగొడుగు అని మనవరాలిని అడిగింది.

"నేనే అవ్వా," అంది పేయ్‌షాన్, నోట్లో గంజితోనే. "ఒక్కసారి కూడా ఆఖరు రాలేదు, తెలుసా?"

అవ్వ కాగితం మీది అంకెలన్నీ వేలుపెట్టి మళ్లీ సరిచూసుకుంది. ప్రతి వారమూ సరిగ్గా ఒక్క మార్కు తేడా. కషాయం మీద నమ్మకం అప్పుడే పోయింది.

సమావేశంలో అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. నిజం చెప్తే మాస్టారు నిలబడతారు, పిల్ల పరువు పోతుంది. చెప్పకపోతే మాస్టారే పోతారు. అవ్వ లేచింది. అంకెలు తప్పుగా రాసుకున్నానని, తనది మూడో తరగతి చదువేనని చెప్పింది. ఆవిడ నోట తప్పన్న మాట ముప్పై ఏళ్లలో ఎవరూ విని ఎరగరు.

"అయితే ఇన్ని గురువారాలు కిటికీ దగ్గర ఏం చేశావక్కా?" అని దెప్పింది పక్కింటి బిహోంగ్.

"గాలికి నిలబడ్డాను," అని అర్జీ మడిచి సంచిలో వేసుకుంది అవ్వ. ఆవిడే వద్దన్నాక అడిగే ధైర్యం ఇంకెవరికుంది?

గేటు దగ్గర మాస్టారు ఎదురయ్యారు. ఒక్క మార్కు కింద ఆగడం ఎలాగండీ అని అవ్వ గొంతు తగ్గించి అడిగింది.

"ముందు అన్నీ నాకు వచ్చుండాలమ్మా. తరవాత పేయ్‌షాన్‌కి ఏది రాదో తెలియాలి. అది తెలిశాక, సోమవారం ఆ పాఠమే మళ్లీ చెప్తాను."

వేసవి సెలవుల ముందు నీలిగొడుగుకు తొమ్మిది వచ్చాయి. ముల్లంగి ఎనిమిదికి ఎక్కక తప్పలేదు. మాస్టారు బాగుపడుతున్నారని తరగతంతా చప్పట్లు కొట్టింది. పేయ్‌షాన్ బల్ల దగ్గరికి వెళ్లి మెల్లగా ధైర్యం చెప్పింది:

"దిగులు పడకండి మాస్టారూ. ఇంకొంచెం కష్టపడితే నన్ను దాటేస్తారు."