గోడలో చెయ్యి

గిలాబు చేసి నున్నగా పూసిన గోడ మీద వేలి గుర్తు కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో నాకు పని నేర్పిన మేస్త్రి, గుర్తు పడ్డ చోట ఆగి, ఆ గుర్తు చేసిన వేలి మీదే తాపీ పిడితో కొట్టేవాడు. ఆ దెబ్బలు తిన్నాను కాబట్టే ఖతర్‌లో నాకు పని దొరికింది. అక్కడ నేను చేసిన తప్పు వెనక కూడా ఆ దెబ్బలే ఉన్నాయి.

చమురు డబ్బు పొంగుతున్న రోజులవి. దోహాలో ఎటు చూసినా గుంతలు, కంకర గుట్టలు. అక్కడి నజ్మా పేటలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే. ఒక చలికాలం కంపెనీ మమ్మల్ని ఉత్తరాన సముద్రం ఒడ్డుకు పంపింది. అక్కడొక ఊరు ఉండేదట. ఎప్పటిదో యుద్ధంలో తగలబడి, మళ్ళీ ఎవరూ రాక, ఇసుకలో కూరుకుపోయింది. దాని మసీదును పాతది ఎలా ఉండేదో అలాగే తిరిగి కట్టాలి. మిగిలింది అరగోడ, మూడు స్తంభాల మొదళ్ళు. రాళ్ళ సందుల్లో మసి ఇంకా ఉండేది, ముట్టుకుంటే చేతికి అంటేది. ఎవరి ఇంటి మసో, ఎవరి ఒంటి మసో అని నాకు భయం. అన్నం ముందు రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కునేవాణ్ణి.

నా జోడు మేస్త్రి హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన. చాచా అని పిలిచేవాణ్ణి. ఆయనకు అరబ్బీ కొంచెం వచ్చు. శుక్రవారం సెలవైనా ఓవర్‌టైం కోసం ఇద్దరం పనిలో ఉండేవాళ్ళం. ప్రతి శుక్రవారం ఒక ముసలాయన పికప్‌లో వచ్చేవాడు. కొడుకు తోలుకొచ్చేవాడు. ముసలాయనకు చూపు దాదాపు లేదు. లోపల పరంజా ఉందని మేం రానిచ్చేవాళ్ళం కాదు. బయట రాయి మీద కూర్చుని, చాచాతో కాసేపు మాట్లాడి వెళ్ళిపోయేవాడు.

పరంజా విప్పిన రోజు గురువారం. మధ్యాహ్నం చాచా లోపలికొచ్చి, నమాజు దిక్కు చూపే గూడు పక్కన నిలబడి గోడంతా తడిమాడు.

"ఈడ ఒక చెయ్యి ఉండాలె గదరా. ఏడ పోయింది?"

"ఏం చెయ్యి చాచా?"

"ఈ మసీదు కట్టినోని చెయ్యి. ఆ ముసలాయన తాతకు తాతనట. గోడ పచ్చిగున్నప్పుడు చెయ్యి ఒత్తిండట. ఊరు కాలిన్నాడు ఆయన గూడ అండ్లనే పోయిండట. గోరీ లేదు, ఏం లేదు. మిగిలింది గీ చెయ్యే. చిన్నప్పటిసంది ముసలాయన అచ్చి, అండ్ల చెయ్యి వెట్టి సలాం చెప్పి పోతడట. రేపు లోపలికి తోల్కపోతనని మాటిచ్చిన."

ఆ గుంట నాకు గుర్తుంది. మూడు రోజుల కింద పూడ్చింది నేనే. పాత గోడ ముట్టొద్దని ఇంజినీరు చెప్పాడు కూడా. కానీ నున్నటి నా పని పక్కన ఆ వంకర గుంట కనబడుతుంటే చేతులు ఊరుకోలేదు. ఎవడో పనిరానివాడు పచ్చి గోడకు చెయ్యి ఆనించాడని తిట్టుకుంటూ, రెండు తాపీల జస్సు కొట్టి చెక్క బద్దతో నున్నగా లాగేశాను. అక్కడ జిప్సం కాల్చి చేసే పొడిని జస్సు అంటారు. ఆ గుంటను సరిగ్గా చూడను కూడా లేదు.

చెప్పాను. చాచా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కత్తి మొనతో గీకి చూశాం. కొత్తదానితో పాటు పాతది కూడా పెచ్చులుగా ఊడి వచ్చింది.

"ఇంజినీరుకు చెప్పేద్దాం చాచా."

"చెప్తె నీకు టికెట్ చేతుల పెట్టి ఇంటికి తోలుతరు. అది పోనియ్. రేపు ఆ ముసలాయన చేతుల ఏం పెడ్తవ్?"

చాచా జస్సు కలిపి గోడకు దళసరిగా కొట్టాడు.

"పెట్టు చెయ్యి."

"మీ మసీదు గదా, నువ్వే పెట్టు."

"నా వేళ్ళు వంకర పోయినయ్ బిడ్డా. పెట్టు."

కుడి చెయ్యి పెట్టి ఒత్తాను. గట్టిపడేటప్పుడు జస్సు వేడెక్కుతుంది, ప్రతి మేస్త్రికీ తెలిసిన సంగతే. అయినా ఆ రోజు గోడ లోపలినుంచి ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. చెయ్యి తీసేశాక చాచా రాళ్ళ సందులోని మసి తెచ్చి, కొత్తగా కనబడకుండా దానికి రుద్దాడు.

మర్నాడు కొడుకు ముసలాయనను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. ముసలాయన గోడ తడుముకుంటూ వెళ్ళి ఆ గుంట దొరకగానే ఆగాడు. అందులో చెయ్యి పెట్టాడు. చిటికెన వేలి దగ్గర రెండుసార్లు తడిమాడు. తర్వాత మెల్లగా "అస్సలాము అలైకుం" అని, తల కొంచెం పక్కకు వంచి, జవాబు కోసం ఆగినట్టు చాలాసేపు ఆగాడు. చాచా నేల చూపులు చూస్తున్నాడు. పని అయిపోయేలోపు ఇంకో మూడు శుక్రవారాలు వచ్చాడు. ప్రతిసారీ అదే సలాం, అలాగే ఆగడం.

ఆ సలాం నన్ను వదల్లేదు. నజ్మా హోటళ్ళలో ఎవరు ఎవరికి సలాం చెప్పినా నా కుడి అరచెయ్యి వేడెక్కేది. నవ్వకండి, డాక్టరుకు కూడా చూపించుకున్నాను. పోయినవాడి చోట దొంగ చెయ్యి పెట్టి, గుడ్డి మనిషిని మోసం చేశాను. పాత ఊళ్ళో కాలిపోయినవాణ్ణి రెండోసారి చంపాను.

ఆరేళ్ళ తర్వాత, శాశ్వతంగా ఇంటికి వచ్చేసే ముందు, ఒక శుక్రవారం టాక్సీ మాట్లాడుకుని ఆ మసీదుకు వెళ్ళాను. ముసలాయనకు నిజం చెప్పి, ఏం తిడితే అది పడదామని. కొడుకు ఒక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. తండ్రి పోయిన చలికాలం పోయాడని, వచ్చీరాని హిందీలో చెప్పాడు. చూడటానికి వచ్చిన మనిషిననుకుని లోపలికి తీసుకెళ్ళి చెయ్యి చూపించాడు.

"మీ పెద్దాయనదట కదా," అన్నాను.

"కాదు. మసీదు కట్టిన మా పెద్దాయన ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. తాడు బిగుసుకుని చిటికెన వేలు తెగిపోయింది. ముందు ఈ గోడలో ఉండింది నాలుగు వేళ్ళ చెయ్యి. దీనికి ఐదున్నాయి. నాన్నకు మొదటి రోజే తెలిసింది. ఇది పనివాడి చెయ్యి అని బండెక్కగానే చెప్పాడు."

"మరి సలాం ఎందుకు చెప్పేవాడు?" అని అడిగాను. ఆయన సలాం చెప్పడం నాకెలా తెలుసో కొడుకు అడగలేదు.

"నేనూ అదే అడిగాను. పాపం, మనది చెరిగిపోయిందని తన చెయ్యి ఇచ్చాడు, వాడికి సలాం చెప్పొద్దా అన్నాడు. వాడు ఇక్కడే ఎక్కడో ఉంటాడు, పలుకుతాడు అని ఆగేవాడు. పనివాళ్ళు వెళ్ళిపోయేదాకా, నాలుగు శుక్రవారాలు ఆగాడు."

నేను చెయ్యి ఎత్తి ఆ గుంటలో పెట్టాను. గోటితో సహా సరిపోయింది. కొడుకు నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. గోడ చల్లగా ఉంది.

"వాలేకుం సలాం," అన్నాను.

ఆయన ఆగిన ఆ నాలుగు శుక్రవారాలూ నేను ఆయన వెనకే, నాలుగడుగుల దూరంలో, చేతిలో తాపీ పట్టుకుని నిలబడి ఉన్నాను.