బందెల దొడ్డికి పోని దారి

ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో లాఠీ. మీసం ఇంకా సరిగ్గా రాని నన్ను ఆ వేషంలో చూసి మా ఊరు నోరు తెరిచింది. నేనూ తెరిచాను, అద్దంలో. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. మాది దేవరకొండ దిక్కున గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో పుట్టి, ఏడో తరగతి దాకా చదివి, జంగ్లాత్‌లో గార్డు నౌకరి సంపాదించాను. అడవి శాఖను మావాళ్లు జంగ్లాత్ అనే అంటారు. నన్ను డిండి వాగు అవతల నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వేశారు.

నిజం చెప్పాలంటే ఆ నౌకరి కోరుకున్నది నేను కాదు, బాపు. ఎండాకాలం వచ్చిందంటే మా దిక్కు గడ్డి మాడిపోయి నేల నెర్రెలు బారేది. మందలన్నీ వాగు దాటి నల్లమలకు వలసపోయేవి. పోకూడని చోట మేస్తూ దొరికిన మందను గార్డులు పట్టుకుని బందెల దొడ్డికి తోలేవాళ్లు. జుర్మానా కట్టి విడిపించుకునేదాకా జీవాలు ఆ నాలుగు గోడల మధ్య అల్లాడాల్సిందే. చూడి గొర్లకు పిల్లలు దక్కేవి కావు. బాపు చిన్నప్పటినుంచీ ఆ బాధ పడ్డవాడు.

"మందలను ఆపేటోళ్లల్ల మనోడు ఒగడుండాలె. గప్పుడు జూస్తా, ఎవడాపుతడో!" అనేవాడు.

నన్ను బడికి పంపిందీ, నౌకరి వచ్చిందని తెలిసిన రోజు ఊరంతా తిరిగి బెల్లం పంచిందీ అందుకే. నీకు ఇష్టమేనా అని నన్నడిగాడా అంటే, అడగలేదు. ఆ రోజుల్లో ఎవరు ఎవర్ని అడిగారు గనక!

అడవి మాత్రం, అబ్బ, ఏం అడవి అది! ఎండలు ముదిరేముందు ఇప్పపూలు రాలేవి. తెల్లారగట్ల లేచి నడుస్తుంటే కాళ్ల కింద నేలంతా మెత్తగా, తియ్యటి వాసన వేసేది. టేకాకులు పెద్దపెద్దవి రాలి ఎండి, వాటి మీద గాలి కదిలితే అచ్చం మంద నడిచినట్టే వినబడేది. నేను నడక ఆపి చెవులు రిక్కించేవాణ్ణి. ఇప్పుడు మా తెల్ల మచ్చల గొర్రె దగ్గుతుంది, ఇప్పుడు పొట్టేలు మెడలో గంట కదులుతుంది అనుకునేవాణ్ణి. ఏదీ వచ్చేది కాదు. అట్లా ఎంతసేపు నిలబడేవాణ్ణో నాకే తెలిసేది కాదు.

అయితే సర్కారు నాకు జీతం ఇచ్చింది ఆకుల చప్పుడు వినడానికి కాదు కదా. కట్టెలు కొట్టుకునేవాళ్లను ఆపాలి, గడ్డి కోసుకునేవాళ్లను అదిలించాలి, మందలను పట్టుకోవాలి. నాకు అదిలించడం చేతనయ్యేది కాదు. నెత్తిన మోపు పెట్టుకుని వచ్చే ఆడవాళ్లను "ఆగుండ్రి!" అంటే వాళ్లు ఆగేవాళ్లు, ఆగి నవ్వేవాళ్లు. వాళ్లు "సాబ్" అన్నప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, ఎవరొచ్చారా అని.

"నువ్వు అరుస్తున్నవా, పాట పాడుతున్నవా?" అని మా రేంజర్ సాబ్ వెక్కిరించేవాడు.

రేంజర్ సాబ్ చెడ్డవాడు కాదు. లావాటి మనిషి, ఎప్పుడూ దవడన పాన్ ఉండేది. అడవంటే ఆయనకు ప్రాణం. ఏ మొక్కను గొర్రె కొరికినా తన వేలు కొరికినట్టు విలవిల్లాడేవాడు. ఆయన తన పనిలో ఎంత కుశాలుగా, ఎంత సంతోషంగా ఉండేవాడో చూసి నాకు ఒళ్లు మండేది. మరి నాకెందుకు లేదు ఆ కుశాలు? కడుపు నిండా తిండి, నెల నెలా జీతం, ఊళ్లో పరువు. అన్నీ ఉన్నాయి. పొద్దున లేచి ఆ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మాత్రం ఎవరి బట్టలో తొడుక్కుంటున్నట్టే ఉండేది. రెండేళ్లు అట్లాగే గడిచాయి.

ఒక రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కొత్తగా మొక్కలు నాటిన జాగాలో ఒక మంద దొరికింది. కాపరి ఒక ముసలవ్వ. ఆమె పెనిమిటి జొన్నలు తేవడానికి మన్ననూరు పోయాడట, ఒక్కతే ఉంది. రేంజర్ సాబ్ మొక్కలను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మందను దొడ్డికి తోలుకపో. పొద్దుగూకేలోపు అప్పజెప్పాలె," అని నాకు హుకుం వేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

గార్డులు మందను వెనక నుంచి తోలుతారు. నేనూ లాఠీ ఆడిస్తూ వెనక నుంచి "హేయ్, హేయ్" అన్నాను. గొర్రె అట్లా పోతుందా! నాలుగు ఇటు, నాలుగు అటు, పొదల్లోకి, రాతి గుండ్ల వెనక్కి చెదిరిపోయాయి. మా ఇళ్లలో పద్ధతి వేరు. కాపరి ముందు నడుస్తూ పిలుస్తాడు, మంద అతని వెనక వస్తుంది. ఆ అవ్వ పిలిస్తే చాలు. కానీ ఆమె ఒక చెట్టు నీడన కాళ్లు చాపుకుని కూర్చుంది.

"జర పిలువవ్వా," అన్నాను.

"నేనెందుకు పిలుస్త? నా జీవాలను నేనే తీస్కపోయి దొడ్లె ఏసుకుంటనా? సాతనైతె నువ్వే తీస్కపో!" అంది. తీసుకుపోలేనని ఆమెకు గట్టి నమ్మకం.

నాకు చిర్రెత్తింది. లాఠీ చంకన పెట్టుకుని మంద ముందుకు పోయి నిలబడ్డాను. నాలుకను అంగిట్లో ఆడిస్తూ బాపు పిలిచే పిలుపు పిలిచాను. రెండేళ్లుగా నా నోట్లోంచి రాని చప్పుడు. తలలన్నీ ఒక్కసారి లేచాయి. ముందు ఒక పొట్టేలు వచ్చి నా ఖాకీ నిక్కరు వాసన చూసి, తుమ్మింది. తర్వాత దాని వెనక ఇంకొకటి. దప్పికతో ఉన్నాయేమో, పొదల్లోవి, గుండ్ల మీదివి అన్నీ దిగి వచ్చాయి. నేను నడిచాను. అవి నా వెనక నడిచాయి.

ఆ నడక గురించి ఎట్లా చెప్పను? వెనక గిట్టల చప్పుడు సన్నటి వాన లాగా. ముక్కుకు బొచ్చు వాసన, దుమ్ము వాసన, ఎండిన పెంటికల వాసన. ఒక పిల్ల అరుస్తోంది, దాని తల్లి పలుకుతోంది. ఎండ ఎక్కడికి పోయిందో! నాకు నేనున్నది నల్లమల అని గానీ, నేను గార్డునని గానీ గుర్తు లేదు. నేను చిన్నవాణ్ణి, బాపు గొంగడి అంచు పట్టుకుని నడుస్తున్నాను. కాదు, నేనే బాపును. మధ్యమధ్యలో పిలుస్తున్నాను, అవి వస్తున్నాయి. దారి ఎటు పోతోందో చూడలేదు. పొద్దు నడినెత్తి మీద ఉన్న వేళ మంద ముందు నడిచే కాళ్లకు ఒకటే దారి తెలుసు, నీళ్ల దారి. నా కాళ్లు ఆ దారే పట్టాయి.

కళ్లు తెరిచి చూసేసరికి, అంటే అవి అంతదాకా తెరిచే ఉన్నాయి గానీ, నా ముందు బందెల దొడ్డి లేదు, మడుగు ఉంది. వాగు ఎండిపోయినా బండల మధ్య పచ్చటి నీళ్లు నిలిచిన మడుగు. మందంతా ఒడ్డున వరుసగా తలలు వంచి తాగుతోంది. నేనూ టోపీతో నీళ్లు ముంచుకుని తాగాను. తాగినవి తాగినట్టే చెట్ల నీడకు పోయి, ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి పడుకున్నాయి. ఒక పిల్ల కుంటుతుంటే ఒళ్లో వేసుకుని దాని గిట్టలో ముల్లు తీస్తూ కూర్చున్నాను.

అంతలో ముసలవ్వ ఆయాసపడుతూ వచ్చింది. చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఓ సాబ్! గిదేనా నీ బందెల దొడ్డి? గోడల్లేవు, తలుపుల్లేవు, నీళ్లు మంచిగున్నయ్!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎవల బిడ్డవురా నువ్వు?" అని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ఓరి నీ! మనోనివేనా? మరి నీకీ ఖాకీ ఏం కర్మ కొడకా?"

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె జాలిపడింది. నాకు ఏడుపొచ్చింది, అంత పెద్దవాణ్ణి గొర్రెపిల్లను పట్టుకుని ఏడ్చాను. రెండేళ్ల నౌకరిలో నేను సంతోషంగా ఉన్నది ఆ మడుగు దాకా నడిచిన కాసేపే. అది నాకు అక్కడే, అప్పుడే తెలిసిపోయింది.

ఇంకా పొద్దుంది. లేపి దొడ్డికి తీసుకుపోవచ్చు. తీసుకుపోకపోతే నౌకరి ఉండదు. నౌకరి పోతే నాకు పోయేది చొక్కా నిక్కరే, బాపుకు మాత్రం బతుకంతా కన్న కల పోతుంది. బెల్లం పంచుతున్నప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో కళ్ల ముందు కదిలింది.  పిల్ల నా ఒళ్లోనే నిద్రపోయింది.

"అవ్వా," అన్నాను చివరికి, "జీవాలు లేసినంక వాగు దాటిచ్చుకో. మళ్ల ఆ మొక్కలల్ల మాత్రం కనబడకు."

"మరి నీ నౌకరి?"

"నాదే గదా. నేను జూస్కుంట."

నాకాకు, అంటే మా జంగ్లాత్ చౌకీకి పోయి రేంజర్ సాబ్‌తో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. తర్వాత కోపం తెచ్చుకోబోయాడు గానీ, నవ్వు ఆపుకోలేక నోట్లోని పాన్ ఊసేశాడు.

"నిద్రల నడిచినవారా?"

"గట్లనే సాబ్."

"సరే, ఈసారికి మాఫ్. రేపటిసంది హుషార్‌గ పని జెయ్."

"రేపు గూడ నా కాళ్లు నీళ్ల దిక్కే పోతయ్ సాబ్. నాతోని గాదు," అని టోపీ, లాఠీ ఆయన బల్ల మీద పెట్టాను. "పాగల్! సర్కారు నౌకరి ఎవడన్న ఇడుస్తడా?" అని ఆయన వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

ఇంటికి పోయేసరికి బాపు మా గొర్ల దొడ్డికి ముళ్లకంప కడుతున్నాడు. ధోవతి కట్టుకుని వచ్చిన నన్ను చూసి చేతిలో పని ఆపాడు. అంతా చెప్పాను. విన్నాడు. మళ్లీ కంప అందుకున్నాడు. ముల్లు దిగి వేలి నుంచి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు. తిట్టినా, కొట్టినా ఎంత బాగుండేది!

ఆ రోజు నుంచి బాపు నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సింది గొర్లతో మాట్లాడేవాడు. తిండి వేళకు "ఓ నల్ల గొర్రే, గటక సల్లగైతాందని జెప్పు గా దొరకు," అనేవాడు. "నల్ల గొర్రే, వస్తున్ననని జెప్పు," అనేవాణ్ణి నేను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, ఒక్కోసారి అదే కొంగుతో కళ్లు తుడుచుకునేది.

వానలు పడ్డాయి. నేను మందతోనే ఉన్నాను. తెల్లవారుజామున మంచులో గొర్లు కనబడేవి కావు, వాటి ఊపిరి మాత్రం పొగలా లేచేది. గొంగడి నెత్తి మీద కప్పుకుని గుట్ట మీద కూర్చుంటే కింద కుంటలు, జొన్నచేన్లు, దూరంగా నీలంగా నల్లమల, అన్నీ కలలోవిలాగా ఉండేవి. నేను కలలు కంటే ఇక్కడ ఎవరికీ నష్టం లేదు. అవి మేస్తాయి, నేను కంటాను. ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ణి. అనుకుని పక్కకు చూస్తే బాపు వీపు కనబడేది. అప్పుడు ఆ సంతోషం సగంలోనే ఆగిపోయేది.

చలికాలం మొదట్లో ఒకరోజు పగటిపూట బాపూ నేనూ వాగు దారి పక్కన మందను నిలిపాము. బాపు బండ మీద కూర్చుని అంబలి తాగుతున్నాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. దారి వెంట ఒక గార్డు సైకిల్ మీద వచ్చాడు. కొత్తవాడు, నాకంటే చిన్నవాడు. మా దిక్కు చూడను కూడా చూడలేదు, తన దారిన తాను పోతున్నాడు. బాపు మాత్రం అంబలి ముంత కింద పెట్టి, భుజం మీది గొంగడి తీసి చేతిలో పట్టుకుని, లేచి తల వంచి నిలబడ్డాడు. సైకిల్ మలుపు తిరిగిపోయినా అట్లాగే ఉన్నాడు.

అప్పుడు మాట్లాడాడు. గొర్లతో కాదు.

"నువ్వు ఖాకీల ఇంటికొచ్చినప్పుడు గూడ గిట్లనే లేసేటోన్ని."

 సెలవుకు వచ్చి నేను గడపలో అడుగు పెట్టగానే బాపు మంచం మీద నుంచి లేచి బయటికి పోయేవాడు. పాలు పిండుకుని వచ్చేవాడు. నా కోసం పాలకే లేస్తున్నాడనుకున్నాను, ఆ రెండేళ్లూ.

"నా కొడుకే అని మనసుకు ఎరుకే. కాళ్లకు తెల్వకపాయె," అన్నాడు బాపు. "నువ్వున్నన్ని దినాలు నా ఇంట్ల నేను కూసోలేదురా. నువ్వు పోయినంక కూసునేటోన్ని. నేనే కోరి తొడిగిచ్చిన. ఎవలికి జెప్పుకోవాలె?"

 బాపు గొంగడి భుజాన వేసుకుని మళ్లీ బండ మీద కూర్చున్నాడు. కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో," అన్నాడు.

కూర్చున్నాను. బాపు లేవలేదు.